కళాసేవ ఎవరి కూలి మీద?

"నాటకం చచ్చిపోతోంది, ఆదుకోండి" అనే మాట తెలుగునాట కొత్తది కాదు. ఏటా మార్చి 27న ప్రపంచ రంగస్థల దినోత్సవం నాడూ, ఏప్రిల్ 16న కందుకూరి వీరేశలింగం పుట్టినరోజుని తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరిపేటప్పుడూ ఈ మాట వేదికల మీద వినిపిస్తూనే వుంటుంది. దాని వెనకే ఇంకో మాట వస్తుంది: "మేం లాభాపేక్ష లేకుండా కళాసేవ చేస్తున్నాం." ఈ రెండు మాటల్నీ ఎవరూ ప్రశ్నించరు. చస్తున్నది ఏ నాటకం? సేవ చేస్తున్నది ఎవరు? ఆ సేవకయ్యే ఖర్చు ఎవరి జేబులోంచి, ఎవరి ఒంట్లోంచి వస్తోంది? దళిత దృక్పథం నుంచి తెలుగు నాటకం గురించి రాసినవాళ్ళు కూడా ఎక్కువగా ఇతివృత్తం గురించీ, పాత్రల గురించీ, భాష గురించీ రాశారు. అది అవసరమే. అయితే నాటకం పుస్తకం కాదు. దాన్ని ఆడాలి. ఆడాలంటే డబ్బు కావాలి. ఆ డబ్బుకి కులం వుంది. ఈ వ్యాసం దాని గురించే.

లాభాపేక్ష లేదంటే వచ్చిన మిగులుని పంచుకోరని మాత్రమే అర్థం. ఖర్చు లేదని కాదు. డ్రెస్సుల అద్దె, మేకప్పు, మైకు సెట్టు, లైట్లు, హార్మోనియం, తబలా, వ్యాను కిరాయి, రాత్రి భోజనాలు, వీటన్నిటికీ ఎవరో ఒకరు అప్పటికప్పుడు డబ్బులు లెక్కపెట్టి ఇవ్వాలి. లెక్కకి రానిది ఇంకోటుంది. అది నటుడి పొద్దు. నెలరోజుల రిహార్సళ్ళు, ప్రయాణం, ఆటాడిన మర్నాడు నిద్ర లేక పోయిన పని. బయటినుంచి డబ్బు రానప్పుడు ఈ పొద్దే నాటకానికి పెట్టుబడి అవుతుంది. దాన్నే మనవాళ్ళు సేవ అంటున్నారు.

సేవ చెయ్యగలిగినవాడు

స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత తెలుగు సాంఘిక నాటకాన్ని మోసినవి ఔత్సాహిక సమాజాలు. వీటిలో సభ్యులు ఎక్కువగా బ్యాంకు ఉద్యోగులు, రైల్వే ఉద్యోగులు, టీచర్లు, ఎల్.ఐ.సి. వాళ్ళు, ప్రభుత్వాఫీసుల గుమాస్తాలు. వాళ్ళ కష్టాన్ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. వాళ్ళు సొంత డబ్బులు పెట్టారు, సెలవులు పెట్టి ఊళ్ళు తిరిగారు. కానీ ఒకటి గమనించాలి. సెలవు పెడితే జీతం పోని ఉద్యోగం వున్నవాళ్ళకే అది సాధ్యమైంది. అంటే ఔత్సాహిక నాటకం వెనక ఎవరూ రాయని ఒక గ్రాంటు వుంది. అది నెల మొదటి తారీఖున వచ్చే జీతం.

ఆ జీతం దళిత కుటుంబాల్లోకి చాలా ఆలస్యంగా, రిజర్వేషన్ల ద్వారా వచ్చింది. వచ్చిన చోట కూడా అది ఒక్క మనిషి జీతంగా మిగల్లేదు. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనే మొదలు. ఫెలోషిప్పు ఏ నెలలో పడినా, అది పడకముందే దానికోసం నాలుగు చేతులు కాచుకొని వుంటాయి. తమ్ముడి ఫీజు, అమ్మ మందులు, పాత అప్పు. ఇలాంటి ఇంట్లోంచి వచ్చినవాడు నాటకానికి సొంత డబ్బు పెట్టలేదంటే అది కళాభిరుచి లేకపోవడం కాదు. ఆస్తి లేకపోవడం.

ఉద్యోగమే లేనివాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. సాలూరు లారీల ఊరు. లారీలు కొన్నవాళ్ళు, వాటికి బాడీలు కట్టే షెడ్లు, ఆ షెడ్లలో వెల్డింగు చేసేవాళ్ళు, రంగులేసేవాళ్ళు, సరుకెత్తి దించే కలాసీలు, వీళ్ళతోనే ఊరు నడుస్తుంది. షెడ్డులో పగలంతా సుత్తి కొట్టినవాడు రాత్రి రిహార్సలుకొచ్చి, తెల్లారి మళ్ళీ షెడ్డుకెళ్ళాలి. వెళ్ళకపోతే ఆ రోజు కూలి లేదు. మా పేటలో పాతికేళ్ళు వేషం కట్టిన ఒక పెద్దాయన్ని ఎందుకు మానేశారని అడిగితే, "ఏటి బాబూ, రేతిరి నేను రాజునే. తెల్లారి నా పెళ్ళాం రాజుగోరి దగ్గిర బియ్యానికి డబ్బులడిగీది. ఏటి సెప్పమంటావు?" అన్నాడు. నాటకరంగ ఆర్థిక వ్యవస్థ మీద ఇంతకన్నా సూటయిన మాట నాకు ఇప్పటిదాకా దొరకలేదు.

ఇక్కడ ఆడవాళ్ళ సంగతి విడిగా చూడాలి. ఔత్సాహిక సమాజాల్లో మగవాళ్ళంతా సేవ చేస్తున్నప్పుడు, స్త్రీ పాత్రకి మాత్రం చాలాచోట్ల బయటినుంచి నటిని రేటు మాట్లాడుకొని తెచ్చుకునేవాళ్ళు. ఆవిడ ఆ ఆదాయంతోనే ఇల్లు నడపాలి గనక అడ్వాన్సు అడుగుతుంది, రాను పోను చార్జీలడుగుతుంది. మొత్తం బృందంలో శ్రమకి ధర అడిగిన మనిషి ఆవిడొక్కతే. గౌరవం తక్కువ ఇచ్చింది కూడా ఆవిడకే. డబ్బడిగితే కళ మైలపడుతుందనే భావన ఎక్కడిది? ఒంటి కష్టంతో బతికేవాళ్ళని కింద నిలబెట్టిన సమాజమే కళలో కూడా డబ్బు తీసుకోకపోవడాన్ని గొప్పగా చూపించింది. సేవ అనే మాట పైకి ఎంత శుభ్రంగా కనిపించినా దాని కింద వున్నది ఈ కులనీతే.

దివాణం, పరిషత్తు, నంది

మన ప్రాంతంలో ఆధునిక నాటక చరిత్ర చెప్పేటప్పుడు విజయనగరం నుంచి మొదలుపెడతారు. 1892లో గురజాడ 'కన్యాశుల్కం' ప్రదర్శన అక్కడ జరిగింది. ఆనంద గజపతి ప్రోత్సాహం లేకుండా అది లేదు. 1897లో అచ్చయిన నాటకం ఆయనకే అంకితం. ఇవాళ విజయనగరంలో వున్న కళాక్షేత్రానికీ ఆయన పేరే. గురజాడ సంస్కరణ దృష్టినీ, వాడుకభాష కోసం ఆయన పడిన తపననీ ఎవరూ కాదనలేరు. అయితే దివాణం డబ్బు ఎక్కడిది? రైతుల నుంచి వసూలైన శిస్తుది. ఆ రైతుల పొలాల్లో పని చేసింది మన తాతలు. నాటక పోషకుల జాబితాలో రాజు పేరు వుంటుంది, పాలేరు పేరుండదు. పోషణ అనే మాటని మనం తిరగేసి చదవడం ఇక్కడినుంచే మొదలుపెట్టాలి.

దివాణాలు బలహీనపడే కాలానికి పరిషత్తులొచ్చాయి. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు ఏర్పడింది. తర్వాత ఊరూరా పరిషత్తులు పుట్టాయి. పోటీలు, న్యాయనిర్ణేతలు, షీల్డులు, నగదు బహుమతులు. ఇవి నాటకాన్ని బతికించాయనేది నిజం. నాటకాన్ని ఒక కొలతకి కోశాయనేది కూడా నిజం. పోటీకి గంటా గంటన్నరలో అయిపోయే నాటిక కావాలి. తక్కువ మంది నటులుండాలి, ఎందుకంటే చార్జీలెక్కువవుతాయి. ఒకే సెట్టు వుండాలి. అందుకే ఎన్ని నాటికల్లో తెర తీస్తే మధ్యతరగతి ఇంటి హాలు, ఒక సోఫా, ఒక టెలిఫోను కనిపిస్తాయో చూడండి. ఇది రచయితల ఊహాదారిద్ర్యం మాత్రమే కాదు, బడ్జెట్టు కూడా. పాతికమంది ఆడే ఆట, తెల్లార్లూ సాగే ఆట, పేట జనం మధ్యలో దూరి మాట కలిపే ఆట ఈ కొలతకి సరిపోదు. దాన్ని 'జానపదం' అనే ఇంకో గదిలో పెట్టారు.

1998లో రాష్ట్ర ప్రభుత్వం నంది నాటకోత్సవాలు మొదలుపెట్టింది. ప్రభుత్వ డబ్బు పోటీ నాటకానికి రావడం మేలే. కానీ ప్రభుత్వం పరిషత్తు పద్ధతినే పెద్దది చేసింది. పద్యనాటకం, సాంఘిక నాటకం, నాటిక, ఇలా విభాగాలు, పరిశీలన, పోటీ, బహుమతి. బహుమతి అంటే ఏమిటి? పని అయిపోయాక, అందరూ ఖర్చు పెట్టాక, కొందరికి మాత్రమే వచ్చే డబ్బు. ఓడిపోయిన బృందం ఖర్చు ఎవరిది? జీతం వున్నవాడు దాన్ని సరదా ఖర్చు కింద రాసుకుంటాడు. కూలివాడికది అప్పు. 2023 డిసెంబరులో గుంటూరులో నంది నాటకోత్సవాలు జరిగినప్పుడు కూడా వార్తలన్నీ విజేతల గురించే. పోటీకి దరఖాస్తు పెట్టడానికే స్తోమత లేని బృందాలు ఆ లెక్కలోకి రావు.

పేట పెట్టిన పెట్టుబడి

దివాణం, పరిషత్తు, ప్రభుత్వం, ఈ మూడింటితోనే నాటక పోషణ చరిత్ర అయిపోదు. రాజులు పోషించకముందే కళాకారుల్ని పోషించినవాళ్ళు అంటరాని వాడలవాళ్ళు. తెలంగాణలో చిందు భాగవతం చూడండి. చిందు కళాకారులకి మాదిగలు దాతృకులం. ఏ కుటుంబం ఏ ఊళ్ళలో ఆడాలో మిరాశీ హక్కు వుంటుంది. ఆ ఊళ్ళ మాదిగ ఇళ్ళవాళ్ళు ధాన్యమో డబ్బో ఇవ్వాలి. అది భిక్ష కాదు, హక్కు. నిజామాబాద్ జిల్లాకి చెందిన చిందు ఎల్లమ్మ 2005లో చనిపోయేదాకా ఈ సంప్రదాయానికి పెద్ద ముఖంగా వుంది. ఆమె గురించి రాసేవాళ్ళు ఆమెకి దొరికిన సన్మానాల గురించి రాస్తారు. ఆ కళని తరాల తరబడి నిలబెట్టిన మాదిగ ఇళ్ళ గింజల గురించి రాసింది తక్కువ. నగరాల్లో ఫిల్ము సొసైటీలు, నాటక సమాజాలు సభ్యత్వ చందా పద్ధతి పెట్టుకుంటే దాన్ని ఆధునికం అంటారు. ఇళ్ళవారీగా, హక్కుగా, తరతరాలుగా నడిచిన ఈ చందాకి ఆశ్రిత వ్యవస్థ అని మాత్రం పేరు.

ఈ వ్యవస్థలో కళాకారుడికిచ్చే దాన్ని 'త్యాగం' అంటారు. చూసేవాడు ఇస్తాడు, ఆడేవాడు పుచ్చుకుంటాడు. సేవావాదుల భాషలో త్యాగం తిరగబడింది. అక్కడ ఆడేవాడే త్యాగం చెయ్యాలి. ఒకే మాట, రెండు లోకాలు. మిరాశీ వ్యవస్థని మళ్ళీ తేవాలని నేననడం లేదు. కులాన్ని కులానికి కట్టేసిన పద్ధతి అది. ఆడే హక్కుతో పాటు పుట్టుకతో వచ్చే బరువూ అందులో వుంది. కానీ ఆడినవాడికి ప్రతిఫలం హక్కు అనే సూత్రం అందులో వుంది. దాన్ని వదులుకోకూడదు.

ఉత్తరాంధ్రలో ఈ సూత్రం ఇంకో రూపంలో నడిచింది. అమ్మవారి పండగకీ, జాతరకీ రాత్రి నాటకం కట్టించడం అలవాటు. హరిశ్చంద్ర, గయోపాఖ్యానం, రామాంజనేయ యుద్ధం, లేదా తూర్పు భాగవతం. పేటలో పిల్లలకి నాటకం నేర్పించడానికి ఊరవతలినుంచి హార్మోనియం మాస్టారిని పిలిచి ఇంటికింత వేసుకొని బత్తెం ఇచ్చేవాళ్ళు. ఆట మధ్యలో చదివింపులు. ఫలానావారు పద్యానికి మెచ్చి ఇంతిచ్చారని మైకులో చదువుతారు. చదివింపుల్లో ఊరి పెద్దరికం కనిపిస్తుంది, ఎవరి పేరు ముందు చదవాలనే తగువూ వస్తుంది. కానీ అక్కడికక్కడ, బిల్లు లేకుండా, నటుడి చేతికి డబ్బందేది.

హరిశ్చంద్ర కాటి సీను దగ్గర ఒక్కమాట చెప్పాలి. ఆ నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతంది. కానీ శ్మశానం దృశ్యంలో జనం ఎదురుచూసేది గుర్రం జాషువా పద్యాల కోసం. నాటకంలో లేని ఆ పద్యాల్ని నటులు అందులో కలుపుకున్నారు, వన్స్ మోర్లు కొట్టించుకున్నారు. ఊళ్ళోకి రానివ్వని కులంలో పుట్టిన కవి పద్యం ఊరి నడిబొడ్డున స్టేజీకి రాబడి తెచ్చింది. ఆ పద్యం వినడానికి జనం కూడితే సోడా బండి నుంచి డ్రెస్సుల కంపెనీ దాకా అందరికీ నాలుగు డబ్బులొచ్చాయి. తెలుగు నాటకానికి దళితులు పెట్టిన పెట్టుబడి ఎంతో లెక్కగట్టాలంటే ఈ పద్యాల్ని కూడా లెక్కలో వెయ్యాలి.

ఇప్పుడు ఆ రాత్రుల్ని ఆర్కెస్ట్రాలూ డి.జె.లూ తీసుకున్నాయి. పండగ కమిటీలకి నాటకం కన్నా అదే తేలిక. జనాభిరుచి మారిందని తీర్పు చెప్పి ఊరుకోవడం సరికాదు. మారింది అభిరుచి మాత్రమే కాదు. డి.జె.కి నెల రోజుల రిహార్సలు అక్కర్లేదు, పాతికమందికి భోజనం అక్కర్లేదు. 1966లో విలియం బామోల్, విలియం బోవెన్ అనే అమెరికా ఆర్థికవేత్తలు ప్రదర్శన కళల మీద రాసిన పుస్తకంలో ఇదే తేల్చారు. ఫ్యాక్టరీలో యంత్రం వచ్చాక అదే మనిషి ఎక్కువ సరుకు తియ్యగలడు. నలుగురు వాయించే సంగీతానికి రెండొందల యేళ్ళ క్రితం ఎంతమంది, ఎంతసేపు కావాలో ఇవాళా అంతే కావాలి. బయట కూలీలు పెరుగుతుంటే నాటకం ఖర్చూ పెరుగుతుంది, రాబడి పెరగదు. ఆ తేడాని ఎవరో పూడ్చాలి. అక్కడ ఫౌండేషన్లూ ప్రభుత్వమూ పూడ్చాయి. ఇక్కడ నటుడి కూలి పూడ్చింది.

ఉద్యమాలు, ప్రచార శాఖలు

ఈ ఖాళీని పూడ్చడానికి రెండు ప్రత్యామ్నాయాలు వచ్చాయి. మొదటిది ఉద్యమ నాటకం. 1943లో ప్రజానాట్యమండలి, 1972లో జననాట్యమండలి. శ్రీకాకుళ పోరాటంలో సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథని ఆయుధం చేసుకున్నాడు. 1969 డిసెంబరులో ఆయన్ని కాల్చి చంపారు. పార్వతీపురం పక్కనుంచి వచ్చిన వంగపండు ప్రసాదరావు 'భూమి భాగోతం'లో మన భాగవతం ఆటనే తీసుకొని భూమి గురించి మాట్లాడించాడు. 2020 ఆగస్టులో ఆయన పోయినప్పుడు మా సాలూరులో కూడా ఆయన పాట తెలియని మనిషి లేడు. ఈ నాటకాలకి జనమే నిధి. ఏ ఊళ్ళో ఆడితే ఆ ఊళ్ళో కూడు, పడక. డబ్బిచ్చినవాడి మాట వినాల్సిన అవసరం లేకుండా తెలుగు నాటకం మాట్లాడిన కాలం అది.

అయితే ఇక్కడ కూడా కళాకారుడి బతుకు ప్రశ్న త్యాగం అనే మాటలోనే మునిగిపోయింది. పాటగాళ్ళలో, డప్పుగాళ్ళలో, గజ్జెకట్టినవాళ్ళలో ఎక్కువమంది ఏ కులాలవాళ్ళో మనకి తెలుసు. గొంతు పోయాక, మోకాళ్ళు పట్టేశాక వాళ్ళు ఏమయ్యారు? ప్రజల కోసం ఆడినవాడికి ముసలితనంలో ప్రజల తరపున ఏ ఏర్పాటూ లేదు. ఈ విమర్శ దళిత ఉద్యమానికీ తప్పదు. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత మన సభలన్నీ డప్పుతోనే మొదలయ్యాయి. వక్తకి రైలు టిక్కెట్టు ముందే వెళుతుంది. డప్పు బృందానికి సభ అయ్యాక, మిగిలితే, బస్సు చార్జీలు. మనం కూడా వాళ్ళ దగ్గర సేవే అడుగుతున్నాం.

రెండోది ప్రచార నాటకం. 1954లో కేంద్రప్రభుత్వం సాంగ్ అండ్ డ్రామా డివిజను పెట్టింది. 2017 చివర్లో దాన్ని ఇంకో ప్రచార సంస్థలో కలిపేశారు. తొంభైల్లో అక్షరాస్యత కళాజాతాలు, తర్వాత జన్మభూమి, ఎయిడ్స్ ప్రచారం. మన పేటల కుర్రాళ్ళకి ప్రదర్శనకింత అని డబ్బు చేతికొచ్చింది. దాన్ని చిన్నచూపు చూడలేం. తెలంగాణ ఏర్పడ్డాక 2014లో పుట్టిన సాంస్కృతిక సారథిలో 550 మంది కళాకారులకి నెలజీతాలిచ్చారు. దప్పు, గొంతు ఉద్యోగం కావడం చిన్న విషయం కాదు. కానీ పాట ప్రభుత్వ పథకం పాట. జీతం ఇచ్చినవాడు స్క్రిప్టు కూడా ఇచ్చాడు. అంటే మనముందు పెట్టిన ఎంపిక ఇది: మాట నీదైతే కూలి లేదు, కూలి కావాలంటే మాట నీది కాదు. ఈ ఎంపికనే మనం తిరస్కరించాలి.

కాగితాల గడప

ఇవాళ కళారంగంలో వచ్చిన పెద్ద మార్పు, డబ్బిచ్చేవాడు మనిషికివ్వడు, సంస్థకిస్తాడు. మా పేట బృందం ఒకటి గ్రాంటుకి దరఖాస్తు పెట్టాలనుకుంటే ఇంగ్లీషు చదవగలిగినవాణ్ణని నన్ను పిలిచారు. మొదట సంఘం రిజిస్టరవాలి. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సంఘాల రిజిస్ట్రేషను చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు, నియమావళి. తర్వాత పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, ఛార్టర్డ్ అకౌంటెంటు సంతకం పెట్టిన లెక్కలు, దర్పణ్ పోర్టల్లో నమోదు, గత ప్రదర్శనల ఫోటోలు, పేపరు కటింగులు. పేట నాటకానికి పేపరు కటింగులెక్కడివి? తెల్లార్లూ ఆడిన ఆట తెల్లారే పేపర్లో రాదు. చదివింపులకి రశీదులు లేవు. అరవై యేళ్ళుగా ఆడుతున్న బృందం కాగితం మీద నిన్న పుట్టింది.

కేంద్ర సాంస్కృతిక శాఖ రెపర్టరీ గ్రాంటుకి ఇప్పుడు గురు–శిష్య పరంపర అని పేరు. ఆ పేరు వింటే మన పిల్లలకి మొదట గుర్తొచ్చేది ఏకలవ్యుడి బొటనవేలు. పేరు సంగతి అలా వుంచుదాం. గురువుకి నెలకి 15,000, పెద్దవయసు శిష్యుడికి 10,000. రోజుకి పంచితే 333 రూపాయలు. 2025–26లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ రోజుకూలి 307. అంటే దేశంలో నాటకానికి దొరికే ఒక ముఖ్యమైన జీతం మట్టిపని కూలికి 26 రూపాయలు ఎక్కువ. అది కూడా గడప దాటగలిగినవాళ్ళకి.

కంపెనీల డబ్బు సంగతి ఇంకా విచిత్రం. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం పెద్ద కంపెనీలు తమ మూడేళ్ళ సగటు నికరలాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. కళలు, సంస్కృతి ఆ జాబితాలో వున్నాయి. కానీ ఏ కంపెనీలు? ఏడాదికి 500 కోట్ల నికర ఆస్తి గానీ, 1000 కోట్ల టర్నోవరు గానీ, 5 కోట్ల నికరలాభం గానీ వున్నవి. సాలూరు లారీ యజమానుల్లో ఈ కొలతకి అందేవాళ్ళు ఎందరు? పైగా కంపెనీ తానున్న చోటికే ప్రాధాన్యం ఇవ్వాలని అదే చట్టం చెపుతుంది. ఫ్యాక్టరీ వున్న విశాఖపట్నానికి డబ్బు, కొండ కింద వున్న సాలూరుకి దణ్ణం. 2021 నుంచి ఆ డబ్బు తీసుకునే సంస్థ 12ఎ, 80జి లాంటివి చూపించి కేంద్రం దగ్గర విడిగా నమోదు కావాలి. ఇవన్నీ తెలిసిన మనిషి పేటలో వుండడు. పట్నంలో వుంటాడు. అతను పేట కళాకారుల్ని చూపించి గ్రాంటు తెస్తాడు, వాళ్ళకి ప్రదర్శనకింత అని ఇస్తాడు. పూర్వం భూమికి మధ్యవర్తులుండేవాళ్ళు. ఇప్పుడు కళకి వచ్చారు.

లెక్కలడగడం తప్పని నేననడం లేదు. ప్రజల డబ్బుకి లెక్క వుండాల్సిందే. కానీ ముందు ఖర్చు పెట్టు, బిల్లు చూపించు, తర్వాత చూద్దాం అనే పద్ధతి నటుణ్ణి వడ్డీ వ్యాపారి గుమ్మంలోకి నెడుతుంది. ఇంకో వైపు చూడండి. డప్పు కళాకారులకి రాష్ట్రప్రభుత్వం పింఛనిస్తోంది. 2024 జూలై నుంచి అది నెలకి 4,000 రూపాయలు. అవసరమే, ఇంకా పెరగాలి కూడా. అయితే అది సామాజిక భద్రత పింఛను. నాటకోత్సవం సంస్కృతి. ఒకరికి కళాకారుడిగా ఆహ్వానం, ఇంకొకరికి అర్హుడిగా జాబితా. ఈ రెండు ఫైళ్ళ మధ్య గీతే ఊరికీ పేటకీ మధ్య వున్న గీత.

మనం ఏం అడగాలి?

ఈ గీత మనదేశానికే పరిమితం కాదు. 1996లో అమెరికాలో నల్లజాతి నాటకకర్త ఆగస్ట్ విల్సన్, లాభాపేక్ష లేని నాటకరంగం వాళ్ళ జాతీయ సభలోనే నిలబడి, వాళ్ళ ప్రాంతీయ థియేటర్ల కూటమిలో వున్న 66 థియేటర్లలో నల్లవాళ్ళదని చెప్పదగ్గది ఒక్కటేనని అన్నాడు. తెల్ల థియేటర్లలో నల్ల నటులకి పాత్రలివ్వడం పరిష్కారం కాదు, మా థియేటరుకి మాకు డబ్బు కావాలన్నాడు. మనకీ ఇదే వర్తిస్తుంది. పరిషత్తు నాటికలో ఒక దళిత పాత్ర పెట్టి చప్పట్లు కొట్టించుకోవడం వేరు. దళితులు తమ నాటకాన్ని తామే నడపగల వనరులుండడం వేరు.

మొదటిది, ఉపప్రణాళిక. 2013లో ఆంధ్రప్రదేశ్‌లో ఎస్.సి., ఎస్.టి. ఉపప్రణాళిక చట్టం వచ్చింది. పదేళ్ళకని చేసిన దాన్ని 2023లో మరో పదేళ్ళు పొడిగించారు. జనాభా నిష్పత్తిలో నిధులు, అవి నేరుగా, లెక్కగట్టగలిగే ప్రయోజనానికే ఖర్చు కావాలనేది దాని సారం. నాటకంతో లెక్కగట్టగలిగే ప్రయోజనం ఏముందని అధికారులు అడగొచ్చు. జవాబు తేలిక. రిహార్సలు రోజులకీ ప్రదర్శన రోజులకీ దళిత, ఆదివాసీ కళాకారుడి ఖాతాలో పడే కూలి కన్నా నేరుగా, లెక్కకి అందే ప్రయోజనం ఇంకేముంది? సాలూరు ఆదివాసీలకి రిజర్వయిన నియోజకవర్గం. ఆ డబ్బు రోడ్డుకీ బిల్డింగుకీ మాత్రమే ఎందుకు? మనిషి శ్రమకి ఎందుకు కాదు?

రెండోది, బహుమతి కాదు, కూలి. ఉత్సవాల ఖర్చులో కొంతభాగం పోటీతో సంబంధం లేకుండా ప్రదర్శనల కొనుగోలుకి పెట్టాలి. ప్రభుత్వం ఏడాదికి పేట బృందం దగ్గర ఇన్ని రాత్రులు కొంటుంది, సగం డబ్బు ముందే ఇస్తుంది. ఏం ఆడాలో బృందం ఇష్టం. స్క్రిప్టు అడగని డబ్బు కావాలని పట్టుబట్టాలి. ప్రభుత్వం డబ్బిస్తే నోరు కడుతుందనే భయం నిజమైనదే. అందుకే ఒక్క చేతి మీద ఆధారపడకూడదు. ఆ విల్సన్ దేశంలోనే 2025 మేలో కేంద్ర కళానిధి చాలా సంస్థలకి ఇచ్చిన గ్రాంట్లని మధ్యలో రద్దు చేసింది. పై నుంచి వచ్చేది ఎప్పుడైనా ఆగుతుంది.

మూడోది మనవల్లే కావాలి. మన ఉద్యోగస్తులు, మన సంఘాలు, మన చర్చిలు, మన పెళ్ళిళ్ళు, అంబేద్కర్ జయంతి కమిటీలు, ఇవన్నీ కలిస్తే చిన్న నిధి కాదు. 1930లలో మహారాష్ట్రలో అంబేద్కరీ జల్సాలు తిరిగింది జనం ఇచ్చిన దానితోనే. ఏప్రిల్ 14న లైటింగుకీ ఫ్లెక్సీలకీ పెట్టే డబ్బులో కొంత ఒక నాటకానికి పెట్టి, నటులకి రేటు మాట్లాడి, అడ్వాన్సివ్వడం మొదలుపెడితే వాడల నాటకానికి ఏడాదికి ఒక ఖాయమైన రాత్రి దొరుకుతుంది. వినోదిని 'దాహం' లాంటి నాటికలు పుస్తకాల్లో, యూనివర్సిటీ క్లాసుల్లో వున్నాయి. అవి పేట రచ్చబండ దగ్గరకి రావాలంటే విమర్శకుల మెప్పు చాలదు, హార్మోనియం మాస్టారి బత్తెం కూడా కావాలి.

నాలుగోది కాగితం పని. చదువుకున్న మనం దరఖాస్తులు నింపడాన్ని చిన్నపనిగా చూడకూడదు. జిల్లాకొకచోట కొన్ని బృందాలు కలిసి ఒకే సంఘంగా రిజిస్టరై, ఒకే ఆడిటుతో నడిస్తే ఖర్చు తగ్గుతుంది, మధ్యవర్తి అక్కర్లేదు. ఎవరు ఏ పండగకి ఎప్పుడు ఆడారో, ఎంత పుచ్చుకున్నారో రాసిపెట్టుకోవాలి. మన ఆటకి రుజువు లేదన్నవాళ్ళ ముందు పెట్టడానికి మాత్రమే కాదు, మన చరిత్ర మనకి తెలియడానికి కూడా.

కాబట్టి రాబోయే నాటకరంగ దినోత్సవాల్లో "నాటకాన్ని ఆదుకోండి" అని ఎవరైనా అన్నప్పుడు మన ప్రశ్న ఒకటే కావాలి. మీరు ఆడించబోయే నాటకంలో రథం తోసేవాడికి, డప్పు కొట్టేవాడికి, తెర లాగేవాడికి ఎంతిస్తున్నారు, ఎప్పుడిస్తున్నారు? జవాబు చెప్పాకే కళ గురించి మాట్లాడుకుందాం.